గడువు తేదీ ఉన్న రక్షణ

2025 నవంబరులో బ్రిటన్ హోం మంత్రి షబానా మహమూద్ శరణార్థుల విధానం మారుస్తున్నామని ప్రకటించినప్పుడు పత్రికలన్నీ ఇరవై ఏళ్ళన్న అంకెనే పట్టుకున్నాయి. శాశ్వత నివాసానికి అప్పటివరకు ఉన్నట్టు అయిదేళ్ళు కాదు, ఇరవై ఏళ్ళు ఆగాలట. ఆ పక్కనే ఉన్న చిన్న అంకె గురించి మాట్లాడినవాళ్ళు తక్కువ. అది 30 నెలలు. ఈ మనిషి శరణార్థే అని ప్రభుత్వం ఒకసారి ఒప్పుకున్నాక కూడా రెండున్నరేళ్ళకోసారి ఫైలు మళ్ళీ తెరుస్తారు. ఇరవై ఏళ్ళలో ఏడెనిమిది సార్లు.

దీనికి డెన్మార్క్ నమూనా అంటున్నారు. నిజానికి ఈ పద్ధతిని ఒకసారి పెట్టి, తీసేసి, మళ్ళీ పెట్టి, మళ్ళీ తీసేసిన దేశం ఆస్ట్రేలియా. ఏం జరిగిందో చూడ్డానికి అంతకంటే మంచి చోటు లేదు.

తాత్కాలిక వీసా మనిషిని కుంగదీస్తుందని ఇప్పుడెవరూ పెద్దగా కాదనరు, ఆ వీసాలిచ్చే ప్రభుత్వాలతో సహా. బాధ ఉంటే ఉంటుంది, వ్యవస్థ నడవాలి కదా అంటారు. నేను చెప్పదలచుకున్నది దీనికి ఒక అడుగు అవతల. శరణు అడిగినవాడు తన మాట నిజమని నిరూపించుకోవాలంటే కొన్ని కావాలి. జ్ఞాపకం నిలకడగా ఉండాలి. పరాయి అధికారి ముందు నోరు పెగలాలి. కాగితాలూ తేదీలూ సర్దుకునే ఓపిక ఉండాలి. నిలకడలేని వీసా సరిగ్గా వీటినే తినేస్తుంది. ఆ తర్వాత ఆ లోటునే చూపించి ‘ఇతని మాట నమ్మదగినట్టు లేదు’ అని ఫైల్లో రాస్తారు. అంటే ఇది బాధ పెడుతూ నడిచే వ్యవస్థ మాత్రమే కాదు, తన పని తానే చెడగొట్టుకునే వ్యవస్థ.

నాలుగేళ్ళు అడగొద్దు, నాలుగు నెలల్లో అడగండి

1999 అక్టోబరులో ఆస్ట్రేలియాలో జాన్ హోవర్డ్ ప్రభుత్వం మూడేళ్ళ తాత్కాలిక రక్షణ వీసా పెట్టింది. 2008లో కెవిన్ రడ్ ప్రభుత్వం ఎత్తేసింది. ఆ మొదటి విడతలో పదకొండు వేల పైచిలుకు మందికి ఈ వీసాలిస్తే, చివరికి పదిమందిలో దాదాపు తొమ్మిదిమందికి శాశ్వత వీసానే వచ్చింది. వీళ్ళకు ఇంకా ప్రమాదం ఉందా అని మూడేళ్ళ తర్వాత మళ్ళీ చూసి, ఉందనే తేల్చారన్నమాట. మొదటిరోజే తెలిసిన జవాబును మళ్ళీ కనుక్కోవడానికి అంతమంది అధికారులు, అన్ని ఇంటర్వ్యూలు, అన్ని అప్పీళ్ళు.

2014 డిసెంబరులో అదే వీసాను మళ్ళీ తెచ్చారు. దానికి తోడు అయిదేళ్ళ వీసా ఇంకొకటి, పెద్ద నగరాలకు దూరంగా పనిచేస్తామనో చదువుకుంటామనో ఒప్పుకున్నవాళ్ళకి. అక్కడ 42 నెలలు ప్రభుత్వ భత్యం తీసుకోకుండా పనిచేస్తేనో, చదివితేనో వేరే వీసాలకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. పెట్టుకోవచ్చు అన్నారు, ఇస్తామనలేదు.

ఈ రెండో విడతలో ఇరుక్కున్నది ప్రధానంగా 2012 ఆగస్టు 13 తర్వాత పడవల్లో వచ్చిన సుమారు ముప్పై వేలమంది. వలస చట్టంలో 46ఎ సెక్షన్ ఒకటుంది. పడవలో వచ్చినవాడు, మంత్రి స్వయంగా ఆ అడ్డు తొలగిస్తే తప్ప, శరణు దరఖాస్తు పెట్టడానికే వీల్లేదు. తొలగించామని చెప్పే ఉత్తరాలు చాలామందికి 2015లో, 2016లో గానీ రాలేదు. ఈలోగా 2014 మార్చి 31న ప్రభుత్వ ఖర్చుతో దొరికే లాయరు సాయం ఆపేశారు. పదుల పేజీల ఫారం ఇంగ్లీషులోనే నింపాలి. జతచేసే కాగితాలకు గుర్తింపు ఉన్న అనువాదకుడి చేత అనువాదం చేయించాలి. ఉచితంగా చూసే లాయర్ల దగ్గర నెలల తరబడి వరస. 2017 మేలో వలస శాఖ మంత్రి పీటర్ డటన్ చివరి తేదీ అక్టోబరు 1 అని ప్రకటించాడు. అప్పటికింకా 7,500 మంది దరఖాస్తు పెట్టలేదు. పెట్టనివాళ్ళది దొంగ కథ కాబట్టే పెట్టలేదన్నది ప్రభుత్వం వైపు ధోరణి. నాలుగేళ్ళు వాళ్ళ నోరు కట్టేసింది తామేనన్న సంగతి ఆ ప్రకటనలో కనబడదు.

పదమూడు వారాల లెక్క

ఈ ఎదురుచూపంతా గడిచేది బ్రిడ్జింగ్ వీసా మీద, అంటే ఫైలు తేలేదాకా దేశంలో ఉండనిచ్చే వీసా మీద. మనవాళ్ళకు బాగా తెలిసింది ‘ఏ’ రకం. స్టూడెంట్ వీసా అయిపోయి, తర్వాతి వీసా ఫైలు నడుస్తుండగా వచ్చేది. దానికి విడిగా గడువు తేదీ ఉండదు, నిర్ణయం వచ్చేదాకా దానంతటదే సాగుతుంది. పడవలో వచ్చినవాళ్ళకిచ్చే ‘ఈ’ రకం అలాంటిది కాదు. దాని మీద తేదీ ఉంటుంది. మూడు నెలలు, ఆరు నెలలు, అదృష్టం బాగుంటే ఏడాది.

మూడు నెలలంటే పదమూడు వారాలు. కొత్త వీసా రాగానే యజమానికి చూపించాలి, ప్రభుత్వ వైద్య బీమా అయిన మెడికేర్ కార్డు పొడిగించుకోవాలి, బ్యాంకు అడిగితే ఇవ్వాలి. అందులో ఒకటి రెండు వారాలు పోతాయి. గడువుకు నెలరోజుల ముందు నుంచే మళ్ళీ దరఖాస్తు, ఫోన్లు, జవాబు కోసం చూడటం. ఇక మధ్యలో మిగిలేది ఏడు వారాలు. ఆ ఏడు వారాల్లోనే ఇంగ్లీషు నేర్చుకోవాలి, లాయరును కలవాలి, గాయం మాననివ్వాలి.

గడువు దాటితే జరిగేవి కూడా ఒకదాని వెంట ఒకటి వస్తాయి. పనిచ్చేవాళ్ళు ప్రభుత్వ ఆన్‌లైన్ వ్యవస్థ ‘వీవో’లో వీసా సరిచూస్తారు. పనిచేసే హక్కు లేనివాణ్ణి పెట్టుకుంటే వాళ్ళకు జరిమానా పడుతుంది కాబట్టి గడువు దాటిన రోజే షిఫ్టులు ఆగిపోతాయి. కొత్త వీసా పది రోజుల్లో వచ్చినా ఆ షిఫ్టులు ఈలోగా వేరేవాళ్ళకు పోయుంటాయి. నీలం రంగు తాత్కాలిక మెడికేర్ కార్డు గడువు వీసాతోనే ముడిపడి ఉంటుంది. కుంగుబాటుకు రోజూ మాత్రలు వేసుకుంటున్నవాడికి కార్డు చెల్లకపోతే సబ్సిడీ పోతుంది, పూర్తి ధర కట్టాలి. కట్టలేక చటుక్కున ఆపేస్తే తలతిరుగుడు, నిద్రలేమి, చిరాకు. చూసేవాళ్ళకు జబ్బు ముదిరినట్టుంటుంది. అందుకే అనుభవమున్న కేస్‌వర్కర్లు వీసా గడువుకు రెండు వారాల ముందే డాక్టరు దగ్గరికి పంపి, మందులు ముందుగా తెప్పించి పెడతారు. ఇలాంటి చిట్కాలు కాపాడినంతగా ఏ విధానమూ కాపాడలేదు.

వీటన్నిటికీ మించింది 189 సెక్షన్. వీసా లేని విదేశీయుడు కనబడితే అధికారి నిర్బంధించి తీరాలి అంటుంది ఆ సెక్షన్. క్వీన్స్‌లాండ్‌లోని బిలోయెలా అనే చిన్న ఊళ్ళో ఒక తమిళ కుటుంబం ఉండేది. తండ్రి మాంసం ఫ్యాక్టరీలో పని, ఇద్దరు ఆడపిల్లలూ అక్కడే పుట్టారు. 2018 మార్చి 5న తెల్లవారుజామున అయిదింటికి అధికారులు తలుపు తట్టారు. తల్లి బ్రిడ్జింగ్ వీసా గడువు అంతకు ముందురోజే ముగిసింది. సర్దుకోవడానికిచ్చింది పది నిమిషాలు. ఆ ఉదయం నుంచి మెల్‌బోర్న్ నిర్బంధ కేంద్రం, తర్వాత హిందూ మహాసముద్రంలోని క్రిస్మస్ దీవి. ఊరంతా కలిసి పోరాడి, ప్రభుత్వం మారాక 2022 ఆగస్టులో శాశ్వత వీసా వచ్చింది. తల్లిదండ్రుల శరణు దరఖాస్తును అప్పటికే తిరస్కరించారన్నది నిజమే, ఆ తిరస్కరణ మీద కోర్టుల్లోనూ గెలవలేదు. నేను పట్టించుకోమనేది ఆ ఒక్కరోజు తేడాను. ఆ వార్త బయటికొచ్చాక బ్రిడ్జింగ్ వీసా మీదున్న ప్రతి ఇంట్లోనూ గడువు తేదీ అంటే తలుపు చప్పుడే.

2013 డిసెంబరు నుంచి ఇంకొకటి కలిసింది, ప్రవర్తనా నియమావళి. సంతకం పెట్టకపోతే వీసా లేదు. నేరం చేయకూడదన్నంత వరకు సరే. ‘సంఘవ్యతిరేకమైన, ఇబ్బంది కలిగించే పనులు’ చేయకూడదని కూడా ఉంటుంది అందులో. అది ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో ఎవరూ చెప్పలేరు. కాబట్టి జీతం ఎగ్గొట్టిన యజమాని మీద ఫిర్యాదు చేయరు. కొట్టినవాడి మీద పోలీసుల దగ్గరికి వెళ్ళరు. భర్త హింసిస్తే భార్య చెప్పదు, వీసా ఇద్దరికీ ఒకటే ఫైల్లో ఉంటుంది కాబట్టి.

తేదీలు ఎలా తప్పుతాయి

శరణు కేసులు ఎక్కువగా ఓడిపోయేది సాక్ష్యం లేక కాదు, పొంతన లేక. వచ్చిన కొత్తలో చేసిన ఇంటర్వ్యూలో ఒకటి చెప్పావు, మూడేళ్ళ తర్వాత ఇంకోటి చెప్పావు అంటారు.

2002లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక చిన్న అధ్యయనం వచ్చింది. హెర్లిహీ, స్క్రాగ్, టర్నర్ అనే పరిశోధకులు బ్రిటన్‌లో ఉన్న కొసోవో, బోస్నియా శరణార్థులను కొంతకాలం ఎడంతో రెండుసార్లు అవే ప్రశ్నలడిగారు. వీళ్ళందరికీ అప్పటికే ఉండే హక్కు వచ్చేసింది. అబద్ధమాడితే వచ్చే లాభమేం లేదు. అయినా చాలామంది జవాబుల్లో తేడాలొచ్చాయి. గాయానంతర మానసిక ఒత్తిడి ఎక్కువగా ఉన్నవాళ్ళలో, రెండు ఇంటర్వ్యూల మధ్య ఎడం పెరిగేకొద్దీ ఆ తేడాలూ పెరిగాయి. అసలు సంఘటన కంటే దాని అంచున ఉండే వివరాల్లోనే తడబాటు ఎక్కువ. ఎంతమంది వచ్చారు, ఏ రంగు బండి, ముందు కొట్టారా ముందు అడిగారా. అధికారి పెన్ను ఆగేది కూడా సరిగ్గా అక్కడే.

ఇప్పుడు దీన్ని వీసాతో కలిపి చూడండి. ఎడం పెంచేది వ్యవస్థ. ఆ ఎడమంతా ఒత్తిడి తగ్గనీయకుండా ఉంచేది కూడా వ్యవస్థే. రెండూ కలిస్తే వచ్చేది పొంతనలేని కథ.

దీనికి తోడు క్యాలెండరు. ఇరాన్ నుంచి, అఫ్ఘానిస్తాన్ నుంచి వచ్చినవాళ్ళు తేదీలు సౌర హిజ్రీలో గుర్తుపెట్టుకుంటారు. ఆ సంవత్సరం మార్చి 21 ప్రాంతంలో మొదలవుతుంది. ఇంగ్లీషు సంవత్సరం కావాలంటే మొదటి తొమ్మిది నెలలకు 621 కలపాలి, చివరి రెండు నెలలకు 622. మధ్యలో పదో నెల ఉంది, ఇరాన్‌లో దాని పేరు ‘దే’. అది డిసెంబరు 21, 22 ప్రాంతంలో మొదలై జనవరిలో ముగుస్తుంది. 1391 దే నెలలో అన్నని పట్టుకుపోయారని ఒకడు చెప్తే, అది 2012 కావచ్చు, 2013 కావచ్చు. ఏ రోజో తెలిస్తే తప్ప చెప్పలేం. మొదటి ఇంటర్వ్యూలో దుబాసీ నోటి లెక్కన 2012 అంటాడు. తర్వాత లాయరు దగ్గర కూర్చుని చూస్తే 2013 అని తేలుతుంది. తిరస్కరణ ఉత్తరంలో అది ‘కీలక సంఘటన జరిగిన సంవత్సరంపై పరస్పర విరుద్ధ వాంగ్మూలం’ అవుతుంది.

పని తెలిసిన లాయర్లు అందుకే వాంగ్మూలం రాయడానికి ముందే సమాచార హక్కు కింద మొదటి ఇంటర్వ్యూ రికార్డింగు తెప్పిస్తారు. రాతప్రతి ఒక్కటే చాలదు, దుబాసీ ఏమన్నాడో వినాలి. తేదీని రెండు క్యాలెండర్లలోనూ రాస్తారు. ఖచ్చితంగా గుర్తులేకపోతే ‘మంచు పడుతున్న రోజుల్లో, పెద్దకొడుకు బడిలో చేరిన ఏడాది’ అని అలాగే రాయమంటారు. తెలియని తేదీని ఊహించి రాయడం కంటే పెద్ద పొరపాటు ఈ కేసుల్లో లేదు. రికార్డింగు రావడానికే నెలలు పడుతుంది. 2017లో నాలుగు నెలల గడువిచ్చినప్పుడు ఎంతమంది అది తెప్పించుకోగలిగారో ఊహించుకోవచ్చు.

తిరస్కరిస్తే పునఃపరిశీలన ఉంది కదా అంటారు. ఉంది. ఆ పడవలవాళ్ళ కోసం 2015లో ఇమ్మిగ్రేషన్ అసెస్‌మెంట్ అథారిటీ అని ప్రత్యేకంగా పెట్టారు. మామూలుగా మనిషిని పిలిచి మాట్లాడదు, కాగితాలు చూసి తేలుస్తుంది. 21 రోజుల్లో అయిదు పేజీలకు మించని వాదన పంపుకోవాలి. కొత్త సమాచారం ఇవ్వాలంటే ‘అసాధారణ పరిస్థితులు’ ఉన్నాయని చూపాలి. లైంగిక హింసకు గురైన స్త్రీ, పురుషుడైనా సరే, మొదటి ఇంటర్వ్యూలో ఆ మాట చెప్పరు. నమ్మకం కుదిరాక రెండో ఏడో మూడో ఏడో చెప్తారు. కొత్త సమాచారానికి తలుపు ఇంత సన్నగా ఉన్న చోట, చెప్పడానికి మనిషి సిద్ధమయ్యేసరికి వినే అవకాశం దాటిపోతుంది.

ముందే జబ్బు పడ్డారేమో?

ఈ వాదనకు గట్టి అభ్యంతరం ఒకటుంది. తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్ళలో కుంగుబాటు ఎక్కువంటే, అది వీసా వల్లనే అని ఎలా చెప్తాం? వాళ్ళు పడవలో వచ్చినవాళ్ళు, నిర్బంధంలో ఉన్నవాళ్ళు, బహుశా ఎక్కువ హింస చూసినవాళ్ళు. వీసా రాకముందే జబ్బు ఉండొచ్చు కదా.

సిడ్నీలో పరిశోధకులు ఈ ముడి విప్పడానికే ప్రయత్నించారు. 2006లో 241 మంది మాండియన్ (ఇరాక్, ఇరాన్‌లలోని ఒక చిన్న ప్రాచీన మతం) శరణార్థుల మీద వచ్చిన అధ్యయనంలో, పాత హింసను లెక్కలోకి తీసుకున్నాక కూడా నిర్బంధమూ తాత్కాలిక వీసా దేనికది విడిగా మానసిక జబ్బుతో ముడిపడి కనిపించాయి. అదే ఏడు పర్షియన్ మాట్లాడే శరణార్థులను పోల్చిన ఇంకో అధ్యయనంలో, తాత్కాలిక, శాశ్వత వీసాలవాళ్ళూ స్వదేశంలో పడిన హింసలో పెద్ద తేడా లేదు, ఇక్కడి మానసిక స్థితిలో మాత్రం చాలా తేడా. నన్ను ఒప్పించినవి ఇవి కాదు. అదే మాండియన్ సమూహంలో కొందరిని శాశ్వత వీసా వచ్చిన తర్వాత మళ్ళీ చూశారు. లక్షణాలు తగ్గాయి. గతం మారలేదు, మనుషులు మారలేదు, కాగితం మారింది. అభ్యంతరానికి పూర్తి జవాబని అనను, ఎందుకంటే కాలంతో కొంత దానంతటదే తగ్గుతుంది. కానీ తాత్కాలిక వీసా మీదే ఉండిపోయినవాళ్ళకు కాలం ఆ మేలు చేసినట్టు కనబడదు.

నాకింకా సరిగ్గా కొరుకుడుపడనిది వేరే ఉంది. పర్షియన్ మాట్లాడేవాళ్ళనే రెండేళ్ళ తేడాతో చూసిన పరిశోధనలో తాత్కాలిక వీసాలవాళ్ళు జనంలోంచి తప్పుకున్నారు, ఇంగ్లీషు మెరుగుపడలేదు. అది నా వాదనకు సరిపోతుంది. 2019లో వెయ్యిమందికి పైగా శరణార్థులతో ఏంజెలా నికర్సన్ బృందం చేసిన పెద్ద అధ్యయనంలో మాత్రం, నిలకడలేని వీసాలవాళ్ళలో కుంగుబాటు, ఆత్మహత్య ఆలోచనలు ఎక్కువున్నా, సంఘాల్లో సమూహాల్లో చేరడం కూడా వాళ్ళలోనే ఎక్కువ. ఏ సమూహంలోనూ లేనివాళ్ళే మరింత ప్రమాదంలో ఉన్నారు. వీళ్ళు దేశంతో కలవరు అనేవాళ్ళకు ఇది చెంపపెట్టే, కానీ వీసా అందరినీ ఒంటరిని చేస్తుందన్న నా అభిప్రాయానికీ అంతే. ప్రభుత్వం నుంచి వచ్చే సాయం కోసేశారు కాబట్టి చర్చికో ఫుడ్‌బ్యాంకుకో క్రికెట్ క్లబ్బుకో వెళ్ళక తప్పలేదేమో. జాబ్‌సీకర్ అనే నిరుద్యోగ భత్యంలో 89 శాతం ఇచ్చే సాయం పథకాన్ని 2018 నుంచి, పనిచేయగలరన్న పేరుతో చాలామందికి ఆపేశారు మరి.

చికిత్స గురించి కూడా నిజం చెప్పుకోవాలి. ఆశ్రయం తేలనంతవరకు చికిత్స దండగ అనే మాట తరచు వినబడుతుంది. అది తప్పు. జర్మనీలో ఇంకా తీర్పు రాని శరణార్థుల మీదే కథనాత్మక చికిత్స (జరిగినదంతా వరసగా చెప్పించే పద్ధతి) ప్రయత్నించి, మేలు కనిపించిందని 2010లో న్యూనర్ బృందం చూపించింది. అయితే ఆ చికిత్సలన్నిటి కిందా ఒక మాట ఉంటుంది: అది అప్పుడు జరిగింది, ఇప్పుడు మీరు క్షేమంగా ఉన్నారు. వచ్చే నెల పదో తారీఖున వీసా అయిపోయే మనిషికి డాక్టరు ఆ రెండో సగం నిజాయితీగా చెప్పలేదు.

పడవలు ఆగాయా?

ఇవన్నీ ఒప్పుకున్నా, తాత్కాలిక వీసా కొత్తవాళ్ళు రాకుండా ఆపుతుంది కాబట్టి తప్పదనేవాళ్ళున్నారు. అంకెలు చూద్దాం. వీసా పెట్టిన 1999లో పడవల్లో వచ్చినవాళ్ళు 3,721. మరుసటి ఏడు 2,939. 2001లో 5,516. పడవలు ఆగింది 2001 చివర్లో, నౌకాదళం వెనక్కి తిప్పడం, పసిఫిక్‌లోని నౌరూ దీవికి తరలించడం మొదలయ్యాక. రెండోసారి ఇంకా స్పష్టం. 2013 సెప్టెంబరులో తిప్పికొట్టే విధానం మళ్ళీ మొదలైంది, 2014 మొదటికల్లా పడవలు దాదాపు ఆగిపోయాయి. తాత్కాలిక వీసా చట్టం వచ్చింది ఆ ఏడు డిసెంబరులో. అప్పటికే లోపలున్నవాళ్ళకు వేసిన శిక్ష, రానివాళ్ళను ఎలా ఆపిందో అర్థం కాదు. అవతలివాళ్ళు 2008లో వీసా ఎత్తేశాక 2009లో 2,726 మంది వచ్చారనీ ఆ తర్వాత ఇంకా పెరిగిందనీ అంటారు. అదే కాలంలో నౌరూ కేంద్రాన్నీ మూసేశారు. రెండిట్లో దేని ప్రభావం ఎంతో విడదీయలేం. కాబట్టి వాళ్ళ వాదన పూర్తిగా కొట్టిపారేయను, బలహీనం అంటాను. పడవలను తిప్పికొట్టడం న్యాయమా కాదా అన్నది వేరే చర్చ.

తాత్కాలిక వీసా చేసిన పని ఒకటి మాత్రం సందేహం లేకుండా కనబడుతుంది. ఆ వీసా మీదున్నవాడు భార్యాపిల్లలను పిలిపించుకోలేడు. దారి మూసేస్తే వాళ్ళు ఆగలేదు, వాళ్ళూ పడవెక్కారు. ఇండోనేషియా నుంచి బయల్దేరి 2001 అక్టోబరు 19న మునిగిన పడవను సీవ్-ఎక్స్ అంటారు. చనిపోయినవాళ్ళు 353 మంది, అందులో 146 మంది పిల్లలు, 142 మంది ఆడవాళ్ళు. చాలామందికి భర్తో తండ్రో అప్పటికే ఆస్ట్రేలియాలో తాత్కాలిక వీసా మీద ఉన్నారు. బతికి బయటపడ్డ ఒక తల్లి ముగ్గురు కూతుళ్ళను పోగొట్టుకుంది. భర్త సిడ్నీలో ఉన్నాడు. ఇండోనేషియా వెళ్ళి ఆమె పక్కన ఉండొచ్చు, కానీ వెళ్తే తిరిగి రానివ్వరు. ఆ వీసాలో షరతు అది.

రెండో విడతలో సముద్రం బదులు వయసు ఆ పని చేసింది. 2012లో తండ్రి బయల్దేరేటప్పుడు కొడుక్కి పదమూడేళ్ళు. 2023లో శాశ్వత వీసా వచ్చేసరికి వాడికి ఇరవైనాలుగు. ఆధారపడ్డ సంతానంగా పిలిపించుకోవాలంటే 23 నిండకూడదు. ఇన్నేళ్ళూ ఆపింది ఎవరో ఫారంలో రాసే గడి లేదు.

దొంగ దరఖాస్తులు

విమానంలో టూరిస్టు వీసా మీదో స్టూడెంట్ వీసా మీదో వచ్చి, పనిచేసే హక్కు కోసం శరణు దరఖాస్తు పడేసేవాళ్ళు లేరా? ఉన్నారు. ఏజెంట్లు డబ్బు తీసుకుని ఒకే కథను వేరు వేరు పేర్లతో పెట్టించడం అందరికీ తెలిసిందే. మనవాళ్ళు కూడా ఆ వలలో పడుతుంటారు. ఈ వ్యాపారం బతికేది దేనిమీద? నిర్ణయానికి ఏళ్ళు పడుతుందన్న నమ్మకం మీద. మూడు నెలల్లో తేలేదైతే ఏ ఏజెంటుకూ డబ్బు రాదు. నిజమైన శరణార్థికి నరకమైన ఆలస్యమే దొంగ దరఖాస్తుకు పెట్టుబడి.

2023 అక్టోబరులో ఆస్ట్రేలియా ప్రభుత్వం ఇది గ్రహించి 16 కోట్ల డాలర్లు కేటాయించి, కొత్తగా వచ్చిన దరఖాస్తులను ముందు తేల్చడం మొదలుపెట్టింది. ఏజెంట్ల వ్యాపారం దెబ్బతీయడానికి అది సరైన పద్ధతే. దాని ధర మాత్రం ఎప్పటినుంచో వరసలో ఉన్నవాళ్ళు కట్టారు, వాళ్ళు ఇంకా వెనక్కి జరిగారు. ముందు, వెనక రెండు వైపుల నుంచీ తేలుస్తూ రావాలంటే ఇంకా అధికారులు కావాలి. ఆ ఖర్చు వద్దనుకున్నారు.

ఇంకా మిగిలినవాళ్ళు

2023 ఫిబ్రవరి 14న ప్రధాని ఆల్బనీజీ లేబర్ ప్రభుత్వం తాత్కాలిక వీసాల మీదున్న సుమారు పంతొమ్మిది వేలమందికి శాశ్వత వీసాకు దారి తెరిచింది. మంచిపని, ఆలస్యంగా జరిగిన మంచిపని. అదే పడవల్లో అదే నెలల్లో వచ్చి, ఆ కాగితాల అథారిటీ దగ్గర ఓడిపోయినవాళ్ళకు మాత్రం దారి తెరవలేదు. వాళ్ళు ఇప్పటికీ బ్రిడ్జింగ్ వీసాలమీదే. చిన్నప్పుడు వచ్చిన పిల్లలు పెద్దవాళ్ళయ్యారు. కొందరికి పద్దెనిమిది నిండాక చదువుకోకూడదన్న షరతు పడింది. చదవొచ్చన్నవాళ్ళు విదేశీ విద్యార్థుల ఫీజు కట్టాలి. 2024 ఆగస్టులో మెల్‌బోర్న్‌లో ఇరవైమూడేళ్ళ తమిళ యువకుడు ప్రాణం తీసుకున్నాడు. బడికెళ్ళే వయసులో వచ్చినవాడు, పదేళ్ళకు పైగా బ్రిడ్జింగ్ వీసాల మీదే పెరిగినవాడు.

ఆ అథారిటీ 2024 అక్టోబరు 14న రద్దయింది. దాని పద్ధతి న్యాయంగా లేదని లేబర్ పార్టీ ప్రతిపక్షంలో ఉన్నప్పటినుంచీ అంటూనే ఉంది. పద్ధతి తప్పయితే అది తేల్చిన తీర్పులు ఎలా ఒప్పవుతాయో నాకు బోధపడదు. వాటిలో సరైనవి కూడా ఉంటాయి, అందరికీ వీసా రాసివ్వమని నేననడం లేదు. దాని తర్వాత వచ్చిన కొత్త పునఃపరిశీలన ట్రిబ్యునల్ దాకా వెళ్ళగలిగేలా మళ్ళీ దరఖాస్తు పెట్టుకోనివ్వమంటున్నాను, ఈసారి మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని వినేలా. ఒకసారి ఓడినవాళ్ళు మళ్ళీ దరఖాస్తు పెట్టకూడదన్న అడ్డును 48బి సెక్షన్ కింద తొలగించే అధికారం మంత్రికి ఇప్పటికే ఉంది. ఒక్కొక్కరుగా వినతులు పెట్టుకుంటే ఒక్కొక్కటిగా ఏళ్ళకేళ్ళు చూస్తున్నారు. అలా కాకుండా, ఆ అథారిటీ తిరస్కరించినవాళ్ళందరికీ ఒకే విడతలో తొలగించాలి. అది తేలేదాకా ఇచ్చే బ్రిడ్జింగ్ వీసా మీద నెలలు కాకుండా, ‘ఏ’ రకానికి ఉన్నట్టే ‘తుది నిర్ణయం వచ్చేవరకు’ అని రాయాలి. మెడికేరు, పని, చదువు దాన్నిబట్టే నడుస్తాయి.